పందిట్లో వెలుతురు: లెన్సు లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నన్ను పది నిమిషాలు మాట్లాడమన్నారు. జ్ఞాపకాలు చెప్పడానికి నాకంటే బాగా చెప్పేవాళ్ళు ఈ వేదిక మీదే ఉన్నారు. నేను ఒక లెక్క చెబుతాను. మన బడిలో చదువుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెళ్ళి ఫొటోలు తీస్తూ సంసారాలు నడుపుకుంటున్న కుర్రాళ్ళు ఈ హాల్లో ఉన్నారు. ఫొటోగ్రఫీ నా సరదా అని తెలిసి వాళ్ళు అడిగేది ఒకటే: "అన్నయ్యగారూ, రాత్రి ముహూర్తాలకు ఫొటోలు మసకగా వస్తున్నాయి. అప్పు చేసైనా కొత్త కెమెరా కొనమంటారా?"

నా జవాబు: కెమెరా ఆగనివ్వండి. ముందు లెన్సు మార్చండి. ఎందుకో చెబుతాను.

పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటే. అడ్డుతెర దిగగానే పెళ్ళికూతురు కళ్ళెత్తి చూసే చూపు మళ్ళీ రాదు. ముహూర్తం రాత్రి పదకొండుకో, తెల్లవారుజామున మూడున్నరకో ఉంటుంది. పల్లెలో అయితే కొబ్బరాకుల పందిరి, నాలుగు ట్యూబులైట్లు. ఫంక్షన్ హాల్లో అయితే వేదిక మీద వెలుగు, మూల కుర్చీలో కూర్చున్న మామ్మ మీద చీకటి. చాలా ఇళ్ళలో ఆ మామ్మ చివరి మంచి ఫొటో ఏదో ఒక మనవరాలి పెళ్ళిలో తీసిందే అయి ఉంటుంది. అందుకే ఇది యంత్రాల ముచ్చటగా మాత్రమే చూడకూడదు.

లెన్సు మీద 3.5-5.6 అని, 1.8 అని అంకెలు ఉంటాయి. లెన్సు ఫోకల్ లెంగ్తును వెలుతురు దూరే ద్వారం వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె అది. 50 మిల్లీమీటర్ల దగ్గర ఎఫ్ 5.6 అంటే ద్వారం సుమారు 9 మిల్లీమీటర్లు. ఎఫ్ 1.8 అంటే సుమారు 28 మిల్లీమీటర్లు. అంకె చిన్నదైతే ద్వారం పెద్దది. వెలుతురు వచ్చేది వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి. అంటే వర్గం చేయాలి. తొమ్మిదో తరగతి లెక్కే. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే 9.7 వస్తుంది. దాదాపు పది రెట్లు!

మనవాళ్ళకు అరసవల్లి ఉదాహరణ చాలు. ఏటా మార్చిలోనూ, అక్టోబరులోనూ కొన్ని ఉదయాలు సూర్యకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. సూర్యుడు రోజూ ఉన్నవాడే. ఆ రోజుల్లో లోపలికి దారి దొరుకుతుంది, అంతే. కెమెరాలోనూ సెన్సరు ఎంత ఖరీదైనదైనా, దారి ఇరుకైతే చేరే వెలుతురు తక్కువే.

ఇప్పుడు పందిట్లోకి వద్దాం. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్సును దగ్గరికి లాగితే అది ఎఫ్ 5.6కి పడిపోతుంది. ఐఎస్ఓ 3200 పెట్టినా షట్టరు సెకనులో 25వ వంతుకి దిగిందనుకోండి. తలంబ్రాలు పోసే చేయి ఆ వేగానికి చెదిరిపోతుంది. అదే చోట ఎఫ్ 2.8 లెన్సుంటే షట్టరు 100వ వంతు. ఎఫ్ 1.8 ఉంటే షట్టరును 100వ వంతు దగ్గరే ఉంచి, ఐఎస్ఓను 1300 దాకా దించుకోవచ్చు. ముఖం మీద ఇసుక చల్లినట్టుండే ఆ చుక్కలు బాగా తగ్గుతాయి.

మరి పెద్ద కెమెరా కొంటే? ఫుల్ ఫ్రేమ్ సెన్సరు వైశాల్యం మీ దగ్గరున్న ఏపీఎస్-సి సెన్సరుకి సుమారు రెండుంబావు నుంచి రెండున్నర రెట్లు. లెన్సు ఇచ్చేది పది రెట్లు. ఖర్చు మాత్రం తలకిందులు: 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు దాదాపు ప్రతి కంపెనీ దగ్గరా చవక లెన్సుల వరసలోనే ఉంటుంది. కొత్త కెమెరాలు చీకట్లో కళ్ళను వెతికి ఫోకస్ చేస్తాయి, కాదనను. సంపాదన పెరిగాక తప్పక కొనండి. వడ్డీకి తెచ్చి మొదట కొనాల్సింది మాత్రం అది కాదు.

ఇది కొత్త సంగతి కూడా కాదు. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలిసిన తొలినాళ్ళలో ముఖచిత్రం కావాలంటే ఎండలో నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాలి. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వల్ అనే గణిత ఆచార్యుడు అప్పటి లెన్సుల కంటే ఎన్నో రెట్లు వెలుతురు తెచ్చే లెన్సును కాగితం మీద లెక్కగట్టి రూపొందించాడు. దానితో ఆ నిరీక్షణ ఎంతో తగ్గింది. 1975లో వచ్చిన 'బారీ లిండన్' సినిమాలో స్టాన్లీ కుబ్రిక్ కొవ్వొత్తుల వెలుగులో దృశ్యాలు తీసింది జైస్ వారి ఎఫ్ 0.7 లెన్సుతోనే.

"ఫ్లాష్ ఉందిగా" అంటారు. ఉంది. కానీ దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతే చేరుతుంది. ముందున్న పంతులుగారు తెల్లగా మెరుస్తారు, వెనకున్న మేనమామ చీకట్లో కలిసిపోతాడు. హోమం పొగ ఉంటే ఆ వెలుగు పొగ మీదే పడి వెనక్కి వస్తుంది. "లెన్సులో చేతి వణుకు ఆపే ఏర్పాటుంది" అని ఇంకొందరంటారు. అది ఆపేది మీ చేతి వణుకుని. పెళ్ళికొడుకు కదలికను కాదు.

ఇక ఏది కొనాలి? కొనేముందు ఒక పని చేయండి. మీరు తీసిన చివరి పది పెళ్ళిళ్ళ ఫొటోలు కంప్యూటర్లో తెరిచి, ఏ ఫొటో ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీశారో చూడండి. ఆ వివరం ఫొటోతోపాటే నమోదై ఉంటుంది. ఎక్కువసార్లు కనబడే అంకే మీకు కావలసిన లెన్సు. సాధారణంగా ఏపీఎస్-సి కెమెరాకు, ఇరుకు పందిట్లో, 35 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 మొదటిది. కాస్త దూరం నుంచి ముఖాలకు 50. ఫుల్ ఫ్రేమ్ అయితే 50, ఆ తరువాత 85. ఎఫ్ 2.8 జూములు మంచివే, పని సులువు చేస్తాయి. కానీ ఖరీదు, బరువు రెండూ ఎక్కువే. 70-200 అయితే కిలో నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. అవి పెద్ద పెళ్ళికి అద్దెకు తెచ్చుకోండి.

ద్వారం పెద్దదైతే ఒక చిక్కుంది. ఏపీఎస్-సి కెమెరా మీద 50 లెన్సును ఎఫ్ 1.8 దగ్గర పెట్టి రెండు మీటర్ల దూరంలో తీస్తే, స్పష్టంగా ఉండేది 11, 12 సెంటీమీటర్ల మేరే. వధువు కన్ను బాగుంటుంది, వెనక వరుడు మసక. అందుకే జీలకర్ర బెల్లం వేళ ఇద్దరికీ సమాన దూరంలో, పక్కనుంచి నిలబడండి. ముందే పంతులుగారితో మాట్లాడుకుని చోటు చూసుకోండి. బంధువులంతా మూడు వరసల్లో నిలబడే గ్రూపు ఫొటోకు మాత్రం ఎఫ్ 5.6, ఫ్లాష్. అక్కడ మీ పాత కిట్ లెన్సే చాలు, అమ్మేయకండి.

మరో మూడు జాగ్రత్తలు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చాలా ఎల్.ఇ.డి. దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టరు 50వ వంతు గానీ 100వ వంతు గానీ ఉంటే ఫొటోలో చారలు రావు. రెండోది, నికాన్ 3000, 5000 వరస కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. సెకండ్ హ్యాండ్‌లో పాత 50 కొంటే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సి వస్తుంది. మోటారున్న ఏఎఫ్-ఎస్ రకం అడగండి. మూడోది, మనది సముద్రపు తేమ. పాత లెన్సుకు ఒకవైపు టార్చి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడులా కనిపిస్తే అది బూజు, కొనకండి. ఉన్న లెన్సులను సిలికా జెల్ పొట్లాలు వేసిన గట్టి మూత డబ్బాలో పెట్టుకోండి.

పిల్లల పెళ్ళిళ్ళు చేయబోయే మిత్రులకూ ఒక మాట. లెన్సు వెలుతురును ఎక్కువగా తెస్తుంది గాని మంచిగా మార్చలేదు. డెకరేషన్ వాళ్ళు పెళ్ళిపీటల మీదికి ఊదా, నీలం లైట్లు తిప్పితే ఏ లెన్సూ ఆ ముఖాలకు అసలు రంగు తేలేదు. ముహూర్తం అరగంట వాటిని ఆర్పించి, మామూలు తెల్ల దీపాలు రెండు, కొంచెం ఎత్తులో, పక్కనుంచి పెట్టించండి. ఫొటోగ్రాఫరును ఎన్ని ఆల్బములు ఇస్తావని అడిగే ముందు, చీకట్లో తీసిన ఫొటోలు నాలుగు చూపించమనండి.

చివరగా సంఘానికి ఒక విన్నపం. కెనాన్‌కు ఒకటి, నికాన్‌కు ఒకటి, సోనీకి ఒకటి, మూడు ఎఫ్ 1.8 లెన్సులు కొని సంఘం దగ్గర ఉంచుదాం. కొత్తగా పని మొదలుపెట్టిన మన బడి పిల్లలు పెళ్ళికి తీసుకెళ్ళి, మర్నాడు తెచ్చి ఇస్తారు. వాడి చూశాకే కొనుక్కుంటారు. మొదటి లెన్సు నేను ఇస్తాను. మిగతా రెంటికి ఈ సభలోంచే చేతులు లేస్తాయని నా నమ్మకం.