హెపటైటిస్ సి - సంఘము చేయదగిన పని



హెపటైటిస్ సి ఏండ్ల తరబడి ఏ బాధయు చూపక కాలేయమును పాడుచేయును. 2013లో అమెరికాలో దీని మందైన సోఫోస్‌బువిర్ మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు. 2015లో మన హైదరాబాదు కంపెనీలైన నాట్కో, హెటిరో అదే మందును చౌకగా అందించినవి. 2018 జూలై 28న జాతీయ కార్యక్రమము ఆరంభమైనది. దాని క్రింద ప్రభుత్వ చికిత్సా కేంద్రములలో పరీక్ష, మందులు ఉచితము. సాధారణముగా 12 వారముల మాత్రలతో నూటికి 95 మందికి నయమగును.

మందు మన ఊరనే ఉన్నది; పరీక్షకు వెళ్లువారే తక్కువ. 2001కి ముందు రక్తమెక్కించుకొన్నవారు, డయాలిసిస్ చేయించుకొనువారు తప్పక పరీక్ష చేయించుకొనవలెను.

ఇది రక్తము ద్వారా సోకును గాని, కలిసి భుజించినను, ఒకే పాత్రలో త్రాగినను సోకదు. కావున రోగిని ప్రభువు బల్లకు దూరము చేయకుడి. ఆసుపత్రికి ఒంటరిగా పంపక, తోడు వెళ్లుడి.