స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్ళ ఓటు



ఈ రోజు మీకు ఒక చిన్న దేశం కథ చెబుతాను. దాని పేరు స్విట్జర్లాండ్. అది యూరప్ ఖండంలో ఉంది. అక్కడ ఆల్ప్స్ అనే పెద్ద మంచుకొండలు ఉన్నాయి. ఆ దేశానికి సముద్రం లేదు. చుట్టూ జర్మనీ, ఫ్రాన్స్, ఇటలీ, ఆస్ట్రియా లాంటి దేశాలు ఉన్నాయి.

ముందు వాళ్ళ జెండా సంగతి చూద్దాం. మన జెండా వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వాళ్ళ జెండా అలా కాదు. చేతిరుమాలు లాగా నాలుగు వైపులా సమానంగా ఉంటుంది. రంగు ఎరుపు. మధ్యలో తెల్లని శిలువ గుర్తు. చూడటానికి లెక్కల్లో కూడిక గుర్తు లాగా ఉంటుంది. రంగులు తారుమారు చేస్తే ఏమవుతుంది? తెలుపు మీద ఎర్ర గుర్తు అవుతుంది. అదే రెడ్‌క్రాస్ గుర్తు. రెడ్‌క్రాస్ సంస్థ పుట్టింది కూడా ఆ దేశంలోని జెనీవా నగరంలోనే.

ఆ దేశం ఎలా ఏర్పడింది? 1291లో మూడు కొండ ప్రాంతాల వాళ్ళు ఒక మాట అనుకున్నారు. ఒకరికి ఆపద వస్తే మిగతావాళ్ళు ఆదుకోవాలి అని. తర్వాత ఒక్కో ప్రాంతం వచ్చి చేరింది. 1848లో రాజ్యాంగం రాసుకున్నారు. ఇప్పుడు అక్కడ 26 రాష్ట్రాలు ఉన్నాయి. జర్మన్, ఫ్రెంచి, ఇటాలియన్, రోమాంష్ అనే నాలుగు జాతీయ భాషలు ఉన్నాయి.

అక్కడ రాజు లేడు. పార్లమెంటు ఏడుగురు మంత్రులను ఎన్నుకుంటుంది. వాళ్ళలో ఒకరు ఒక్క సంవత్సరం అధ్యక్ష పదవిలో ఉంటారు. మరుసటి ఏడు ఇంకొకరి వంతు.

ఇంకో విశేషం వినండి. పార్లమెంటు చేసిన చట్టం ప్రజలకు నచ్చలేదనుకోండి. 100 రోజుల్లో 50,000 మంది సంతకాలు పెడితే చాలు. ఆ చట్టం మీద దేశమంతా ఓటు వేస్తుంది. సంతకానికి అంత బలం ఉంది!

మరి ఇంత మంచి దేశంలో ఆడవాళ్ళకు ఓటు ఉండేదా? చాలా కాలం లేదు. 1929లో ఆడవాళ్ళు ఊరూరా తిరిగి సంతకాలు పోగు చేశారు. దాదాపు రెండున్నర లక్షల సంతకాలు వచ్చాయి. వాటిలో మగవాళ్ళ సంతకాలు కూడా ఉన్నాయి. అయినా పని కాలేదు.

రాజ్యాంగం మార్చాలంటే ప్రజలు ఓటు వేయాలి. ఓటు ఉన్నది మగవాళ్ళకే. అంటే ఆడవాళ్ళకు ఓటు ఇవ్వాలా వద్దా అని మగవాళ్ళే చెప్పాలి. 1959లో అడిగితే మూడింట రెండు వంతుల మంది వద్దన్నారు. ఆడవాళ్ళు ఊరుకోలేదు. మళ్ళీ అడిగారు. 1971 ఫిబ్రవరి 7న మగవాళ్ళలో ఎక్కువమంది సరే అన్నారు. అదే ఏడు 200 మంది ఉన్న సభకు 10 మంది ఆడవాళ్ళు గెలిచారు.

అయినా ఒక చిన్న రాష్ట్రం తన సొంత వ్యవహారాల్లో ఆడవాళ్ళకు ఓటు ఇవ్వలేదు. దాని పేరు అప్పెంజెల్ ఇన్నర్‌రోడెన్. అక్కడి మగవాళ్ళు ఒకచోట చేరి చేతులెత్తి నిర్ణయాలు చేసేవారు. 1990 ఏప్రిల్‌లో కూడా వాళ్ళు వద్దన్నారు. విషయం కోర్టుకు వెళ్ళింది. అదే ఏడు నవంబరులో దేశంలోని పెద్ద కోర్టు ఆడవాళ్ళకూ ఓటు ఉండాలని తీర్పు చెప్పింది.

భార్య ఉద్యోగం చేయాలంటే భర్త ఒప్పుకోవాలి అనే పాత చట్టం కూడా ఉండేది. ఆడవాళ్ళు ఓటర్లయ్యాక అదీ మారింది. 1985లో ప్రజలు కొత్త చట్టానికి ఓటు వేశారు. అది 1988లో అమలులోకి వచ్చింది. 1999లో రూత్ డ్రైఫస్ అనే ఆమె ఆ దేశానికి మొదటి మహిళా అధ్యక్షురాలు అయ్యింది.

మన దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు 1951-52లో జరిగాయి. అప్పుడే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ సమానంగా ఓటు ఉంది. మనకు ముందే వచ్చింది కదా అని దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఎవరో చెప్పిన గుర్తుకు వేసి రావడం ఓటు కాదు. మీరే ఆలోచించి వేయాలి.

ఇప్పుడు మీకు సంతకం వచ్చు. చదవడమూ వచ్చు. ఎవరైనా కాగితం తెచ్చి సంతకం పెట్టమంటే ముందు చదవండి. నచ్చితేనే పెట్టండి. మీకు కావలసింది అడగాలంటే మీరే కాగితం రాసి, పదిమంది చేత సంతకాలు పెట్టించండి. ఒకసారి కాకపోతే మళ్ళీ అడగండి.