కంటికి కనబడినదెల్ల సాక్ష్యమగునా?

(సంఘ వార్షికోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)

 

బస్తరు తెలుగువారికి పరాయి సీమ కాదు. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడైన అన్నమదేవుడు ఓరుగల్లు పతనానంతరము అక్కడికి చేరి రాజ్యము స్థాపించెనని ఆ రాజవంశపు సంప్రదాయము చెప్పుచున్నది. ఇంద్రావతియు, శబరియు ఆ అడవులను దాటి వచ్చియే గోదావరిలో కలియుచున్నవి. బైలదిల్లా ఇనుప ఖనిజమును విశాఖపట్టణపు రేవునకు చేర్చుటకై 1960వ దశకమున కొత్తవలస-కిరండూలు రైలుమార్గము వేయబడినది. ఆ గనులలోను, ఆ రైలుమార్గమునందును, కేంద్ర రిజర్వు పోలీసు దళమునందును ఉద్యోగ ధర్మమున ఆ సీమకు పోయిన తెలుగు బిడ్డలు ఎందరో కలరు.

అట్టి ఒక బిడ్డ తల్లిని ఊహింపుడు. శ్రీకాకుళము జిల్లాలో ఒక పల్లె. కుమారుడు దంతేవాడలో కాపలా విధిలో నున్నాడు. ఒక సాయంకాలము ఇరుగింటి కుఱ్ఱవాడు సెల్‌ఫోను తెచ్చి చూపును. అందులో పొగ, పరుగు, కేకలు, నేలపై ఒక దేహము. క్రింద ‘బస్తరు, నేడు’ అని రెండే మాటలు. ఆ వీడియో నిజమా, కల్పితమా అను ప్రశ్న ఆ తల్లికి శాస్త్ర చర్చ కాదు. ఆ రాత్రి ఆమె నిద్ర దానిపై నాధారపడి యున్నది. నేటి ప్రసంగ విషయమును ఆమె ప్రక్కన నిలిచి ఆలోచించుట ఉచితము.

నిజమా, కాదా అనునది చూచుటకు ఒకే ప్రశ్న. విడదీసినచో నాలుగు. ఆ హింస వాస్తవముగా జరిగినదా, నటింపబడినదా? జరిగినచో, ఎక్కడ, ఎప్పుడు? చిత్రమునకు ముందు వెనుకల నున్న భాగములు ఏమైనవి? దాని క్రింద వ్రాసిన మాట ఎవరిది, దానికి ఆధారమేమి? ఈ నాలుగింటిలో ఒకదానికి జవాబు దొరికినంతనే మిగిలిన మూడును తేలిపోయినవని తలచుటయే లోకములోని పొరపాట్లకు మూలము.

మొదట నటన సంగతి. నటనయందు స్వతః దోషము లేదు. కరాచీ నగరమున బాలల సంరక్షణకై పాటుపడు ఒక సంస్థ తల్లిదండ్రులను హెచ్చరించుటకు ఒక చిన్న చిత్రమును తీసెను. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొను బాలుని ఎత్తుకొనిపోవుదురు. మరుక్షణమే తిరిగివచ్చి, బిడ్డను దింపి, హెచ్చరిక వ్రాసిన అట్టను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించివేసిరి. మిగిలిన ముక్క 2018లో, పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు వచ్చినవను పుకారుతో కూడి, భారతదేశమున నలుమూలలకు వ్యాపించెను. ఆ పుకార్ల వేడిలోనే 2018 జూలై 13వ తేదీన బీదరు జిల్లా ముర్కి గ్రామమువద్ద ఘోరము జరిగినది. హైదరాబాదునుండి వెళ్లిన యువకులు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచిరి. అనుమానము పుట్టెను. వారు కారులో ముందుకు సాగునంతలో వారి దృశ్యములే వాట్సాపు మార్గమున పై గ్రామమునకు చేరినవి. గుంపు అడ్డగించి కొట్టగా ఒక యువ ఇంజనీరు ప్రాణము విడిచెను. చిత్రము తీసినవారు మేలు కోరిరి. కత్తెర పట్టినవాడును, నమ్మి పంపినవారును కీడు చేసిరి.

రెండవది, నిజమైన హింసకు అబద్ధపు చిరునామా తగిలించుట. 2013లో ముజఫర్‌నగరు కల్లోలమునకు పూర్వము ఇద్దరు యువకులను గుంపు కొట్టి చంపు వీడియో ఒకటి అక్కడ చేతులు మారెను. అందులోని మరణములు నటన కావు. అయితే అవి 2010లో పాకిస్తానులోని సియాల్‌కోటలో సంభవించినవి. ‘ఇది నటనగా తోచుట లేదు’ అని చూపరులు అనుకొనిన మాట సరియైనదే. ‘కావున ఇది ఇక్కడిదే’ అని చేర్చుకొనిన మాటయే కొంపలు ముంచినది.

మూడవది దీనికి విపర్యయము. నిజమును కల్పితమని కొట్టివేయుట. 2018లో ఆఫ్రికా ఖండపు కామెరూనునుండి ఒక వీడియో వెలువడెను. సైనిక వేషధారులు ఇద్దరు స్త్రీలను, ఇద్దరు పిల్లలను నడిపించుకొనిపోయి కాల్చివేయుట అందులో నున్నది. అది తమ దేశమునకు సంబంధించినది కాదని ఆ ప్రభుత్వము మొదట త్రోసిపుచ్చెను. బీబీసీ పరిశోధకులు తొందరపడలేదు. దృశ్యము వెనుక కనబడు కొండల వరుసను ఉపగ్రహ చిత్రములతో పోల్చి, జెలెవెట్ అను గ్రామ సమీపమును గుర్తించిరి. ఇండ్లు, చెట్లు, కాలిబాటలు ఎప్పుడు ఉండెనో, ఎప్పుడు లేకపోయెనో చూచిరి. నడచుచున్న సైనికుల నీడలను నీడగడియారమువలె లెక్కించి, ఘటన 2015 మార్చి 20కిని ఏప్రిల్ 5కిని నడుమ జరిగినదని తేల్చిరి. 2020లో ఆ దేశపు సైనిక న్యాయస్థానమే నలుగురు సైనికులకు పదేండ్ల కారాగార శిక్ష విధించెను. కొండయు, నీడయు సాక్ష్యము చెప్పకున్నచో ఆ పిల్లల మరణము ‘కల్పితము’ అను మాట క్రింద కప్పబడి యుండెడిది. నకిలీని నమ్ముట యెంత తప్పో, నిజమైన చావును నాటకమనుట అంతకు తక్కువ తప్పు కాదు.

ఇక బస్తరుకు వత్తము. 2018 అక్టోబరు 30వ తేదీన శాసనసభ ఎన్నికల వార్తలు సేకరించుటకై ఢిల్లీనుండి వచ్చిన దూరదర్శన్ బృందము దంతేవాడ జిల్లా అరన్‌పూరు ప్రాంతమున నీలావాయ గ్రామమునకు పోవుచుండగా మావోయిస్టులు పొంచియుండి కాల్పులు జరిపిరి. ఛాయాగ్రాహకుడు అచ్యుతానంద సాహు, ఆయనతోపాటు పోలీసు సిబ్బందియు నేలకొరిగిరి. బృందములోని సహాయకుడొకడు నేలను కరచుకొని పడుకొని, తుపాకుల మోత నడుమ, సెల్‌ఫోనులో తల్లికి వీడ్కోలు మాటలు చెప్పుకొనెను. తాను బ్రదుకుదునో లేదోనని, తల్లియన్న తనకెంతో ప్రేమయని అతడు చెప్పిన ఆ వీడియోను దేశమంతయు చూచినది. అతడు బ్రదికి బయటపడెను.

ఆ వీడియోలో కనబడునది ఎంత? ఒక ముఖము, కొంత నేల, దగ్గరలో తుపాకి ధ్వని. అది నిజమైనదే. బ్రదికివచ్చినవారి వాంగ్మూలములు, మృతదేహములు, ఘటనాస్థలము దానిని బలపరచినవి. అయినను కాల్చినవారెవరో ఆ వీడియోలో లేదు. వారి ఉద్దేశమేమో లేదు. పాత్రికేయులున్నారని తమకు తెలియదని, వారిని చంపదలచలేదని పిదప మావోయిస్టులు ప్రకటించిరి. పోలీసు అధికారులు ఆ మాటను అంగీకరింపలేదు. ఈ వివాదమును ఆ వీడియో తీర్పజాలదు. అతికి అతికి నిజమైన చిత్రము కూడ తాను చూచినంత మేరకే సాక్షి. చూడనిదానిని దానిచేత పలికించుట సాక్షికి మాటలు నేర్పుట వంటిది.

అదే అరన్‌పూరు ప్రాంతమున 2023 ఏప్రిల్ 26వ తేదీన మందుపాతర పేలి పదుగురు జిల్లా రిజర్వు గార్డులును, వాహన చోదకుడును మరణించిరి. ప్రేలుడు జరిగిన వెంటనే అక్కడి జవానొకడు తీసినదని చెప్పబడిన వీడియోయు వ్యాప్తి పొందినది. ఒకే సీమ, ఒకే తుపాకుల ధ్వని, ఒకే పరుగు. రెండు మాటలు మార్చినచో ఒక యేటి శోకమును మఱొక యేటి వార్తగా చెలామణి చేయుట ఎంత సులభమో గ్రహింపవచ్చును.

మఱి సామాన్యులు పరిశీలింపదగిన గుర్తులు లేవా? కలవు. మొదటిది ఋతువు. అక్టోబరు చివర వర్షములు వెనుకబట్టి గడ్డి మోకాలెత్తు పచ్చగా నుండును. ఏప్రిల్ చివర టేకు ఆకు రాల్చి, నేల ఎండి, అడవిలో దూరపు చూపు ఆనును. ‘నేడు’ అని చెప్పు చిత్రములోని చెట్లు ఆ మాటను ఒప్పుకొనుచున్నవా యని చూడవలెను. రెండవది భాష. జగదల్‌పూరు పరిసరములలో హల్బీ, దంతేవాడ, బిజాపూరులలో గోండీ, దక్షిణమున కొంట వైపు దోర్లీయు, తెలుగును వినబడును. చిత్రములో తెలుగు వినబడినంత మాత్రమున అది తెలంగాణము కాదు, హిందీ వినబడినంత మాత్రమున అది బస్తరు కాదు. మూడవది ధ్వని. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. దూరపు ప్రేలుడునందు పొగ ముందు కనబడి, మోత తరువాత వినబడవలెను. కిలోమీటరు దూరమున రేగిన ధూళితో మోత సరిగా కలిసి వచ్చినచో, ధ్వనిని ఎవరో తరువాత చేర్చి యుండవచ్చును. నాలుగవది దుస్తులు. వీటిని నమ్మరాదు. ఒంటి మీది దుస్తులను ఎవడైనను తొడుగవచ్చును, తొడిగింపనువచ్చును.

ఒక హెచ్చరిక. సినిమాలు చూచిన కన్ను మరణమునకు ఒక నమూనాను కల్పించుకొని యున్నది. గుండు తగిలినవాడు ఎగిరి పడవలెనని, నెత్తురు చిమ్మవలెనని అది ఎదురుచూచును. వాస్తవమున మనిషి ఒక్కొక్కసారి చప్పుడు లేక కూలబడును. శ్రీలంక యుద్ధాంతమున ఖైదీలను కాల్చివేసిన దృశ్యములు 2009లో బ్రిటనులోని ఛానల్ 4 ప్రసారము చేసినప్పుడు, అవి కల్పితములని ఆ ప్రభుత్వము వాదించెను. ఐక్యరాజ్య సమితి ప్రత్యేక ప్రతినిధి ఫిలిప్ ఆల్‌స్టన్ వైద్య, ఆయుధ, వీడియో శాస్త్రములలో ముగ్గురు నిపుణులచే వేరువేరుగా పరీక్ష చేయించి, అవి వాస్తవములుగనే తోచుచున్నవని 2010 జనవరిలో ప్రకటించెను. ‘చూడగా నాటకమువలె నున్నది’ అనునది పరీక్ష కాదు, అభిప్రాయము.

న్యాయస్థానములయందును జాగ్రత్త యిట్టిదే. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ఎలక్ట్రానికు రికార్డునకు ధ్రువపత్రమును కోరుచున్నది. ఆ ధ్రువపత్రము ప్రతి ఏ యంత్రమునుండి ఎట్లు వచ్చినదో చెప్పును. చిత్రములోని ఘటనకు అర్థమేమో చెప్పదు. చేతులు మారిన వాట్సాపు ప్రతిలో తీసిన కాలము, స్థలము వంటి ఆంతరంగిక వివరములు సాధారణముగా మిగులవు. కావుననే మూలప్రతిని, తీసిన మనిషిని వెదకుట ముఖ్యము. పైగా నేడు నటులు కూడ అవసరము లేదు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖమును వేరొక స్త్రీ దేహమునకు యంత్రముచే అతికిన వీడియో దేశమును విస్మయపరచెను. హింసా దృశ్యములను కూడ యంత్రము వండగల కాలమిది.

వీడియో లేనిచోట సత్యము లేదా? ఈ ప్రశ్నకు బస్తరే జవాబు చెప్పినది. 2012 జూన్ 28, 29 తేదీల నడిమి రాత్రి బిజాపూరు జిల్లా సార్కేగూడ వద్ద భద్రతాదళముల కాల్పులలో పదునేడుగురు మరణించిరి. మృతులలో చిన్నవయసువారును ఉండిరి. వారు మావోయిస్టులని అధికారుల మాట. పండుగ ఏర్పాట్లకై కూడిన గ్రామస్థులని ఊరివారి మాట. ఘటనను చూపు చిత్రము ఏదియు ముందు పెట్టబడలేదు. న్యాయమూర్తి వి. కె. అగ్రవాల్ ఏకసభ్య సంఘము ఇరుపక్షముల సాక్షులను విని, శవపరీక్షలను, గాయముల తీరును పరిశీలించెను. మృతులు మావోయిస్టులనుటకు తృప్తికరమగు సాక్ష్యము లేదనియు, ఊరివారు కాల్పులు జరుపలేదనియు, దళము భయభ్రాంతితో కాల్చి యుండవచ్చుననియు, జవాన్లకు తగిలిన గుండ్లు తోటివారివే కావచ్చుననియు నిర్ణయించెను. ఆ నివేదిక 2019 డిసెంబరులో శాసనసభ ముందునకు వచ్చెను. ఏడేండ్లు పట్టినది. ‘నిజము నిలకడమీద తెలియును’ అను సామెతకు ఇంతకన్న బరువైన ఉదాహరణము అరుదు. అయితే ఆ నిలకడను ఎవరో ఒకరు పాటింపవలెను గదా!

ఆ పని పోలీసులది, పత్రికలది మాత్రమే కాదు. 2018లో జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను ఊరూరికి పంపి, జానపద కళాకారులచే పాటలు పాడించి, ఫోనుకు వచ్చినదెల్ల నిజము కాదని గ్రామస్థులకు నచ్చజెప్పించెను. విద్యావంతులైన ఉద్యోగుల కుటుంబములకు డప్పుతో చెప్పవలసిన పని లేకుండుట మర్యాద. కార్యాలయమున సంతకము లేని కాగితముపై ఉత్తర్వు వ్రాయని ఉద్యోగి, ఇంటికి పోయిన పిదప పేరు లేని వీడియోను నలుబదిమందికి పంపుట న్యాయమా? ఫైలుమీద ‘ధ్రువపడలేదు’ అని వ్రాయుట చేతగానితనము కాదు. అది ఒక నిర్ణయమే. ‘ఇంకను తెలియదు’ అని ఒప్పుకొనుటకు ధైర్యము కావలెను.

తిరిగి ఆ తల్లివద్దకు పోదము. ఆ సాయంకాలము ఆమె ఇంటికి పోయి చేయవలసిన సహాయమేమి? వీడియోను మఱల మఱల చూపుట కాదు. ‘ఇది నాటకమమ్మా’ అని ఆధారము లేని ఓదార్పు చెప్పుటయు కాదు. కుమారుని దళపు కార్యాలయమునకు ఫోను చేసి కనుగొని, తెలిసినంతవరకు చెప్పి, తెలియనిదానిని తెలియదని చెప్పి, కబురు వచ్చువరకు ఆమె చెంత కూర్చుండుట. ఆ చిత్రములో పడియున్న దేహము ఆమె బిడ్డది కాకపోవచ్చును. అయినను నటన కానిచో, అది ఎవరో ఒక తల్లి బిడ్డదే. జవానుదైనను, గోండు రైతుదైనను, ఛాయాగ్రాహకునిదైనను ఆ మరణమునకు సరియైన పేరు, సరియైన స్థలము, సరియైన తేదీ దక్కుట కడపటి మర్యాద. విచారింపక పంపిన ప్రతి వ్యక్తియు ఆ మర్యాదను కొంత దొంగిలించుచున్నాడు. ఆ దోషము ఈ సంఘ కుటుంబములలో ఎవరికిని అంటకుండుగాక!

స్వస్తి.