ఒకే రాయి, రెండు ఖాతాలు



స్నాతకోత్సవానికి పిలిస్తే కలలు కనమనీ, కష్టపడమనీ చెప్పి వెళ్లడం ఆనవాయితీ. ఆ రెండూ మీ అమ్మానాన్నలు రోజూ చెబుతూనే ఉన్నారు. నేను అర్థశాస్త్రం పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ని. కాబట్టి ఈ పూట కూడా ఒక పాఠమే చెబుతాను. అటెండెన్స్ ఎలాగూ పడిపోయింది, భయపడకండి. ఆఫ్రికా ఖండం దక్షిణ భాగంలో పక్కపక్కనే ఉన్న రెండు దేశాల సంగతి ఇది. ఒకటి బోట్స్వానా, రెండోది జింబాబ్వే.

బోయిన్‌పల్లి పిల్లలకు వాటితో ఏం పని అంటారా? మీరు కూర్చున్న ఈ నేల కూడా ఒకప్పుడు రెండు ఏలుబడుల హద్దు మీదే ఉండేది. కంటోన్మెంట్‌లో ఇంగ్లీషువాళ్ల కల్దార్ రూపాయి నడిచేది. హద్దు దాటి నిజాం ఇలాకాలోకి వెళ్తే హాలీ సిక్కా. సుమారు ఏడు హాలీ రూపాయలిస్తే ఆరు కల్దార్ రూపాయలు వచ్చేవి. అదే గుట్టలు, అదే వాన, అదే జొన్నరొట్టె. కానీ గీతకు ఇవతల ఒక నాణెం, అవతల ఇంకొకటి. మీ తాతలను అడిగితే ఇంకా చెబుతారు. పొరుగు దేశాలను పోల్చడంలో ఉన్న రుచి కూడా అదే. ప్రకృతి దాదాపు ఒకటే అయినప్పుడు, తేడా ఎక్కడినుంచి వచ్చిందో వెతకడం కొంచెం సులువు.

1966 సెప్టెంబర్ 30న బోట్స్వానాకు స్వాతంత్ర్యం వచ్చింది. ఆ రోజు ఆ దేశంలో తారు రోడ్డు మొత్తం 12 కిలోమీటర్లు. ఇక్కడినుంచి మేడ్చల్ వెళ్లేలోపే అయిపోతుంది. విశ్వవిద్యాలయ పట్టా ఉన్నవాళ్లు 22 మంది. ఈ గుడారంలో మొదటి రెండు వరుసలకే అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. హైస్కూలు పూర్తిచేసినవాళ్లు ఓ వంద మంది. బ్రిటిష్‌వాళ్లు ఆ ప్రాంతాన్ని ఎంత పట్టించుకోలేదంటే, దాని పరిపాలనా కేంద్రం దేశం లోపల కూడా లేదు, దక్షిణాఫ్రికాలోని మఫెకింగ్‌లో ఉండేది. కలహారి ఎడారి, పశువులు, కరువు. ఇంతే ఆస్తి.

జింబాబ్వేకు స్వాతంత్ర్యం 1980 ఏప్రిల్ 18న వచ్చింది. అప్పటికి దానికి రైళ్లున్నాయి, వాంకీ బొగ్గు ఉంది, కరీబా ఆనకట్ట కరెంటు ఉంది, పొగాకు, మొక్కజొన్న ఎగుమతులున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. ఒక జింబాబ్వే డాలర్ ఇస్తే ఒక అమెరికన్ డాలర్ కంటే ఎక్కువే వచ్చేది. కొత్త ప్రభుత్వం బళ్లు కూడా బ్రహ్మాండంగా పెంచింది. ఆఫ్రికాలో అక్షరాస్యత గట్టిగా ఉన్న దేశాల్లో ఇప్పటికీ అదొకటి.

ఆ రోజుల్లో ఈ ఇద్దరిలో ఎవరు బాగుపడతారని పందెం కట్టమంటే నేనూ జింబాబ్వే వైపే కట్టేవాణ్ని. ఇవాళ బోట్స్వానా తలసరి ఆదాయం జింబాబ్వేకు రెట్టింపు కంటే పైమాటే.

ఎందుకు ఇలా జరిగింది? చాలామంది చప్పున చెప్పే జవాబు వజ్రాలు. ఒరాపాలో 1967లో వజ్రాలు దొరికాయి, 1971లో గని మొదలైంది. 1982లో జ్వానెంగ్ గని వచ్చింది. విలువలో ప్రపంచంలోని గొప్ప వజ్రాల గనుల్లో అదొకటి. ఇదంతా నిజమే. అయితే జింబాబ్వేలో కూడా వజ్రాలున్నాయండీ. తూర్పు సరిహద్దున మరాంగే అనే చోట 2006లో పొలాల్లోనే బయటపడ్డాయి. జనం వేలంవెర్రిగా తవ్వుకున్నారు. 2008 చివర సైన్యం దిగింది. రెండు వందల మందికి పైగా చంపేశారని మానవ హక్కుల సంస్థలు రాశాయి. ఆ తర్వాత కంపెనీలొచ్చాయి, సైన్యానికి దగ్గరివాళ్లు వాటాదార్లయ్యారు. 2016లో సాక్షాత్తూ అధ్యక్షుడు ముగాబేయే టీవీలో చెప్పాడు, అక్కడ 1500 కోట్ల డాలర్లకు పైగా సంపాదన జరిగి ఉంటుందనీ, ఖజానాకు వచ్చింది 200 కోట్లు కూడా దాటలేదనీ. దేశాన్ని ముప్పై ఆరేళ్లుగా ఏలుతున్న మనిషి, ఎవరో పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పాడు!

అంటే రాయి ఒకటే. ఖాతాలే వేరు.

బోట్స్వానా ఖాతా ఎలా మొదలైందో చూడండి. తొలి అధ్యక్షుడు సెరెట్సే ఖామా బమాంగ్వాటో అనే పెద్ద తెగకు వారసత్వంగా నాయకుడు కావలసినవాడు. లండన్‌లో చదువుతూ 1948లో రూత్ విలియమ్స్ అనే తెల్లమ్మాయిని పెళ్లాడాడు. పక్కనున్న వర్ణవివక్ష దక్షిణాఫ్రికాకు కోపం వస్తుందని బ్రిటిష్ ప్రభుత్వం అతన్ని సొంత దేశంలోనే అడుగుపెట్టనివ్వలేదు. 1956లో తెగ నాయకత్వం మీద హక్కు వదులుకున్నాకే ఇల్లు చేరాడు. అలాంటివాడు అధ్యక్షుడైన మరుసటి ఏడాదే, 1967లో, భూగర్భంలోని ఖనిజాల మీద హక్కు తెగలది కాదు, దేశానిది అని చట్టం తెచ్చాడు. ఇందులో విశేషం ఏమిటంటే, ఒరాపా వజ్రాలు దొరికింది అతని సొంత తెగ నేలలోనే. మన జిల్లాల్లో ఇసుక రేవుల కోసం జరిగే గొడవలు చూసినవాళ్లకు ఆ సంతకం ఎంత బరువైందో నేను విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత డి బీర్స్ వజ్రాల కంపెనీతో బేరం. మొదట ప్రభుత్వానికి 15 శాతం వాటాయే. 1975కల్లా దాన్ని సగానికి సగం చేయించుకున్నారు. వచ్చిన డబ్బు రోడ్లకీ, బళ్లకీ, ఆసుపత్రులకీ పెట్టారు. మిగిలింది పూలా ఫండ్ అని పక్కన దాచారు. ఎన్నికలు వేళకు జరిపారు. 1965 నుంచి 1998 దాకా ఆ దేశం తలసరి ఆదాయం ఏటా సగటున 7.7 శాతం పెరిగిందని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. అన్నేళ్లపాటు అంత వేగంగా పెరిగిన దేశం ప్రపంచంలో ఇంకొకటి లేదు.

ఇంకో ముచ్చట ఉంది, స్నాతకోత్సవంలో చెప్పకపోతే నాకే మనసొప్పదు. బోట్స్వానా, లెసోతో, స్వాజిలాండ్ మూడు దేశాలకూ కలిపి ఒకే విశ్వవిద్యాలయం ఉండేది. 1975లో లెసోతో తన దగ్గరున్న ప్రాంగణాన్ని తానే తీసుకుని విడిపోయింది. ఉమ్మడి ఆస్తి పంపకాలంటే ఏమిటో మనకు కొత్త కాదు. బోట్స్వానా దగ్గర సరిపడా భవనాలు లేవు. అప్పుడు సెరెట్సే ఖామా ఊరూరా పిలుపిచ్చాడు, మనిషికో పశువు ఇవ్వండి అని. ఆవులున్నవాళ్లు ఆవులిచ్చారు. లేనివాళ్లు ధాన్యం, కోళ్లు, గుడ్లు ఇచ్చారు. అట్లా పోగైన సొమ్ముతో రాజధాని గబరోన్‌లో ప్రాంగణం లేచింది. 1982లో అదే బోట్స్వానా విశ్వవిద్యాలయమైంది.

ఇక జింబాబ్వే ఖాతా. దాన్ని ముగాబే దుర్మార్గం అనే ఒక్కమాటతో తేల్చేయడం నాకు నచ్చదు. అక్కడ భూమి గొడవ పాతది, నిజమైనది. 1930 భూమి కేటాయింపు చట్టం, జనాభాలో ఓ మూలకు సరిపోయే తెల్లవాళ్లకు దేశంలో దాదాపు సగం భూమి, అందులోనూ మంచి భూమి, రాసిచ్చింది. దున్నేవాడికి భూమి కావాలన్న పోరాటం ఏమిటో తెలంగాణవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. చిత్రమేమిటంటే, మన పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి గారు వినోబా భావే ముందు వంద ఎకరాలు ఇస్తానన్నది కూడా ఏప్రిల్ 18వ తేదీనే, 1951లో. భూదానం మన భూమి సమస్యను తీర్చేసిందని నేను అనడం లేదు. కానీ భూమిని పంచడానికీ, పార్టీవాళ్లకు పంచిపెట్టడానికీ తేడా ఉంది. జింబాబ్వేలో ఇరవై ఏళ్లు నానబెట్టిన సమస్యను, 2000లో కొత్త రాజ్యాంగం మీద పెట్టిన రెఫరెండంలో ప్రభుత్వం ఓడిపోయాక, ఎన్నికల ముందు పొలాల మీదికి జనాన్ని తోలి తేల్చారు. చిన్న రైతులకు కొంత దక్కిన మాట నిజం. మంచి కమతాలు చాలావరకు మంత్రులకూ, అధికారులకూ, జనరళ్లకూ వెళ్లాయి.

కానీ రోగం అంతకుముందే పట్టుకుంది. 1997లో, విమోచన పోరాటంలో పాల్గొన్నవాళ్లకు బడ్జెట్‌లో పైసా లేకుండానే భారీ పరిహారాలు ప్రకటించారు. నవంబర్ 14న ఒక్కరోజులోనే జింబాబ్వే డాలర్ కుప్పకూలింది. మరుసటి ఏడాది కాంగో యుద్ధానికి సైన్యాన్ని పంపారు. డబ్బు చాలకపోతే అచ్చువేశారు. ఇక్కడే మీ బ్యాంకింగ్ పేపరు గుర్తుచేసుకోవాలి. కుదరదు అని ప్రభుత్వానికి చెప్పగల రిజర్వు బ్యాంకు అక్కడ లేకుండా పోయింది. 2008 జూలైలో అధికారిక ద్రవ్యోల్బణం ఎంతో తెలుసా? 23 కోట్ల శాతం పైన. 2009 జనవరిలో కోటి కోట్ల డాలర్ల నోటు వచ్చింది. ఒకటి పక్కన పద్నాలుగు సున్నాలు. ఆ నోటు మీద ఒకదాని మీద ఒకటి నిలబడ్డ రాళ్ల బొమ్మ ఉంటుంది, అచ్చం మన మౌలాలీ వైపు గుట్టల్లాగే. నోటు నిలవలేదుగానీ రాళ్లు నిలిచాయి.

ఆ అంకె పలకడం తేలిక, అనుభవించడం కష్టం. రేపు తెల్లవారుజామున మన బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు వెళ్లి చూడండి. లారీ దిగిన టమాట బాక్సుకు వేలంలో పాడిన ధర, బాక్సు హమాలీ భుజమెక్కి ఆటోలోకి చేరేసరికి మారిపోతే ఏమవుతుంది? ఏజెంటు అప్పివ్వడు, రైతు లారీ దించడు, హమాలీ కూలి సాయంత్రానికి ఉప్పు ప్యాకెట్టుకు కూడా రాదు. జింబాబ్వే రాజధాని హరారేలో అదే జరిగింది. టీచర్లు జీతం తీసుకోవడానికి బస్సెక్కితే ఆ జీతం బస్సు చార్జీకి చాలలేదు. బడులు ఖాళీ అయ్యాయి. నీళ్ల శుద్ధికి మందులు కొనలేక ఆ వానాకాలంలో కలరా వచ్చి 4000 మందికి పైగా పోయారు. చదువుకున్నవాళ్లు సరిహద్దు దాటారు. నర్సులూ టీచర్లూ బోట్స్వానాలోని ఫ్రాన్సిస్‌టౌన్‌లో ఇళ్లల్లో పాచిపనికి కుదిరారు. ఆ సరిహద్దులో బోట్స్వానా కరెంటు కంచె వేసింది, పశువుల గాలికుంటు వ్యాధి రాకుండా అని కాగితం మీద రాసుకుంది. చివరికి 2015లో, బ్యాంకుల్లో మిగిలిన పాత జింబాబ్వే డాలర్ల ఖాతాలకు లెక్క తేల్చారు. చాలా ఖాతాలకు తలా ఐదు అమెరికన్ డాలర్లు. ఒక తరం పొదుపు అది.

ఇంతవరకు విని, బోట్స్వానా రాముడు, జింబాబ్వే రావణుడు అని రాసుకుంటే మీకు నేను సున్నా వేస్తాను. ప్రపంచంలో అసమానతలు బాగా ఎక్కువున్న దేశాల్లో బోట్స్వానా ఒకటి. కలహారి అభయారణ్యం నుంచి అక్కడి ఆదివాసులైన సాన్ జనాన్ని వెళ్లగొట్టింది. అది చట్టవిరుద్ధమని 2006లో వాళ్ల హైకోర్టే తీర్పిచ్చింది. కోర్టు ఆ మాట అనగలగడం కూడా ఖాతాలో రాసుకోండి. ఎయిడ్స్ ఆ దేశాన్ని జింబాబ్వేతో సమానంగా కొట్టింది. అరవై దాటిన ఆయుర్దాయం యాభై దరిదాపులకు పడిపోయింది. తలసరి ఆదాయం ప్రాణం నిలపలేదు. ప్రాణం నిలిపింది 2002లో ప్రభుత్వమే ఉచితంగా మొదలుపెట్టిన మందుల పథకం. ఆఫ్రికాలో ఆ పని అందరికంటే ముందు చేసింది వాళ్లే. ఆ తర్వాతి ఏళ్లలో ఖండమంతా ఆ మందులు చవకయ్యాయంటే, మన హెటిరో, అరబిందో లాంటి హైదరాబాద్ కంపెనీల పాత్ర కూడా ఉంది.

అన్నిటికంటే పెద్ద కష్టం ఇప్పుడు వచ్చింది. ఎగుమతుల్లో అయిదింట నాలుగు వంతులు ఒకే సరుకు అయితే, ఆ సరుకుకు జలుబు చేస్తే దేశానికి జ్వరం. సూరత్ లాంటి చోట ప్రయోగశాలల్లో తయారయ్యే వజ్రాలు గని వజ్రాల ధర దించేశాయి. 2024లో బోట్స్వానా ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. ఆ అక్టోబర్‌లో, స్వాతంత్ర్యం నాటినుంచీ ఏలుతున్న పార్టీని జనం ఓడించి డూమా బోకోను గెలిపించారు. ఓడినవాళ్లు మారుమాటాడకుండా దిగిపోయారు. 2025 ఆగస్టులో ఆసుపత్రుల్లో మందులు నిండుకుని, అదే బోకో ప్రజారోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించాల్సి వచ్చింది.

ఒకే సరుకు మీద బతకడం ఏమిటో మనకూ తెలియాలి. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో బ్రెజిల్‌లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రాలంటే ప్రధానంగా మనవే, గోల్కొండ రాజ్యానివే. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో 60 వేల మంది పనిచేస్తున్నారని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే రాశాడు. గనులు ఇజారాకు, అంటే గుత్తకు, ఇచ్చేవారు. పెద్ద రాళ్లు సుల్తాన్‌కు. మిగతాది ఇజారాదారుకూ మచిలీపట్నం వర్తకులకూ. తవ్వినవాళ్లకు కూలి. కొల్లూరులో ఆ రాళ్ల పేరున బడి కట్టారా, బావి తవ్వారా? ఇప్పుడు ఆ గని ఉన్నచోటు పులిచింతల జలాశయంలో మునిగి ఉంది. ఇప్పటికీ తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వంగి రాళ్లు వెతుకుతుంటారు. దొరికినవాడు గుట్టుగా అమ్ముకుంటాడు. వ్యాపారి చెప్పిందే ధర. లెక్క అక్కడ కూడా ఎవరికీ అందదు.

మీలో కొందరు సీఏ చేస్తారు, కొందరు బ్యాంకుల్లో చేరతారు, నలుగురైదుగురు గబరోన్‌కో లుసాకాకో ఉద్యోగాలకు వెళ్లినా ఆశ్చర్యపోను, మనవాళ్లు అక్కడ చాలాకాలంగా ఉన్నారు. మిగిలినవాళ్లు ఇక్కడే ఉండి, 2014 జూన్ 2 తర్వాత మనకు మనమే పొరుగువాళ్లమయ్యాం కనుక, తెలంగాణ గొప్పా ఆంధ్ర గొప్పా అని జీవితాంతం వాదించుకుంటారు. వాదించుకోండి, నేనూ వస్తాను. కానీ తలసరి ఆదాయం ఒక్కటి పట్టుకుని వస్తే రానివ్వను. రంగారెడ్డి అంకె పక్కన వికారాబాద్ అంకె పెట్టండి, విశాఖ పక్కన మన్యం పెట్టండి, అప్పుడు మొదలుపెడదాం.

ప్రిన్సిపాల్ గారు ఇందాకటినుంచి గడియారం చూస్తున్నారు, వెనకవరుస నాన్నగార్లు ఫోన్లలో కెమెరాలు తెరిచి కూర్చున్నారు. పేర్లు పిలవండి సార్, పట్టాలు ఇచ్చేద్దాం.