పిల్లలను పురుగు కుట్టినప్పుడు

ఉదయము లేచి చూచుసరికి పసివాని కనురెప్ప బూరెవలె ఉబ్బి కన్ను మూతపడి యున్నది. రాత్రి ఏ దోమయో కుట్టినది. ఇల్లంతయు కలవరపడును. నాయనమ్మ సున్నము తెమ్మనును, మేనత్త దిష్టి తీయుమనును, తండ్రి డాక్టరు కొరకు పరుగెత్తును. పసివాడు మాత్రము ఒంటికంటితోనే నవ్వుచు గిలక్కాయకు చేయి చాచుచుండును. డాక్టరునకు ఆ నవ్వే సగము సమాధానము.

దోమ రక్తమును పీల్చునపుడు అది గడ్డకట్టకుండుటకై తన లాలాజలమును చర్మములోనికి వదలును. ఆ పరాయి పదార్థమును శరీరము ఎదిరించుటచేతనే దురద, దద్దురు పుట్టును. పిల్లల శరీరమునకు ఆ పరిచయము క్రొత్తది గనుక పెద్దలకంటె హెచ్చుగా వాచును. ఏండ్లు గడచినకొలది ఇది తగ్గును. కనురెప్ప, పెదవి వంటి మెత్తని చోట్ల వాపు చూచుటకు భయంకరముగా నుండినను, ఒకటి రెండు దినములు పెరిగి తనంతట తగ్గును. సబ్బునీటితో కడిగి, చల్లని తడిగుడ్డ వేసి, పిల్లవాని గోళ్లు కత్తిరించిన చాలును. సున్నము చర్మమును కాల్చును; కంటి దగ్గర దాని మాట తలపెట్టనేకూడదు. నాయనమ్మలు మన్నింతురు గాక!

రెండు మూడు దినములు గడచిన పిమ్మట ఎరుపు తగ్గుటకు మారుగా వ్యాపించి, ముట్టిన వేడిగా నుండి, నొప్పియో చీమో జ్వరమో కనిపించినచో, గోకిన గీతలగుండ సూక్ష్మజీవులు ప్రవేశించి యుండును. ఆ దినముననే వైద్యునకు చూపవలెను.

తేనెటీగ, కందిరీగల సంగతి వేరు. తేనెటీగ ముల్లు చర్మములోనే ఉండిపోవును. దాని నంటియున్న విషపుతిత్తి ఇంకను కొంత విషమును పంపుచుండును. గోటితో గీకియైనను తక్షణము తీసివేయవలెను. పిమ్మట ఒకటి రెండు గంటలు బిడ్డను కనిపెట్టి యుండవలెను. కుట్టినచోటికి దూరముగ ఒళ్లంతయు దద్దుర్లు లేచుట, నాలుక వాచుట, గొంతు బొంగురుపోవుట, ఊపిరిలో పిల్లికూతలు, వాంతి, సోలిపోవుట - ఇవి నిమిషములలో ప్రాణము తీయగలవు. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా నుంచవలెను. ఊపిరి ఆడనిచో కూర్చుండబెట్టవలెను. 108కి ఫోను చేయవలెను. అప్పుడు కావలసినది తొడకు వేయు ఎడ్రినలిన్ సూది. మాత్రలు దానికి సాటిరావు. నోటిలో కుట్టినను, ఈగలు గుంపుగా కుట్టినను లక్షణములకై చూడక ఆసుపత్రికి పోవలెను. తేలు కుట్టిన బిడ్డ విషయమునను అంతే. చెమటలు పట్టి, వాంతులై, చేతులు కాళ్లు చల్లబడుట గుండెకు విషము సోకిన గుర్తు. మంత్రగాని కొరకు గడపిన గంట మరల రాదు.

ఇక, దద్దురు మాయమై అందరును మరచిన తరువాత వచ్చు ప్రమాదమొకటి కలదు. దాని రహస్యము బయటపడినది మన సికిందరాబాదు ప్రక్కనే. 1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు దోమ కడుపుగోడలో మలేరియా జీవిని కనుగొనెను. హుసేన్ ఖాన్ అను రోగి, కుట్టిన దోమకొక అణా చొప్పున పుచ్చుకొని, ఆ దోమలకు తన రక్తము నిచ్చెను. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది. హుసేన్ ఖాన్‌కు దక్కినవి ఆ అణాలే. ఆ భవనము నేటికిని రాస్ పేరనే ఉన్నది.

దోమకాటు పిదప డెంగీ జ్వరము 4 మొదలు 10 దినములలోను, మలేరియా సాధారణముగ వారము మొదలు నెలలోపలను బయటపడును. కనుక వానకాలమున పిల్లవానికి జ్వరము వచ్చినచో రక్తపరీక్ష చేయింపవలెను. ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ ఈయరాదు. పారసిటమాల్ చాలును, అదియు వైద్యుడు చెప్పిన మోతాదున. డెంగీలో జ్వరము దిగిన దినమున తల్లి ఊరట చెందును, కాని అసలు గండము అప్పుడే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లనుండి రక్తము, మగత కనిపించినచో రాత్రియైనను బయలుదేరవలెను. జ్వరము మొదలైన రోజును, బిడ్డ చివరిసారి మూత్రము పోసిన వేళను చీటీపై వ్రాసికొని పోయినచో, ఆసుపత్రిలో మొదట అడుగు ప్రశ్నలకు జవాబు సిద్ధముగా నుండును.