రోజువారీ మేకప్, కొంచెం చాలు

రోజూ ఆఫీసుకో, కాలేజీకో వెళ్లేటప్పుడు ముఖానికి ఎంత మేకప్ కావాలి? నిజం చెప్పాలంటే, చాలా కొంచెం.

అసలు చిక్కంతా ఫౌండేషన్ రంగు దగ్గరే వస్తుంది. మనలో చాలామంది ఒంటి రంగు కన్నా తెల్లగా ఉన్నదే కొంటారు. అప్పుడేమవుతుంది? ముఖం బూడిద పూసినట్టు ఉంటుంది, మెడ దారి మెడదే. కొనేముందు చేతి మీద రాసి చూడకండి. దవడ అంచున, మెడకు దగ్గరగా రాయండి. షాపు లైట్ల కింద కాదు, బయటికొచ్చి చూడండి. చర్మంలో కలిసిపోయి కనిపించకుండా పోతే, అదే మీ రంగు. మళ్లీ చెబుతున్నా: దవడ అంచున, పగటి వెలుతురులో.

ఆ ఫౌండేషనైనా ముఖమంతా పట్టించక్కర్లేదు. ముందు మాయిశ్చరైజర్, ఆపైన సన్‌స్క్రీన్. అవి ఇంకాక, ముక్కు పక్కన, నోటి చుట్టూ, మచ్చలున్న చోట మాత్రం ఫౌండేషన్ చుక్కలు పెట్టి వేలితో అద్దండి. రుద్దకండి, కింది సన్‌స్క్రీన్ చెదిరిపోతుంది. మన చెమటలకి పౌడర్ నుదుటికీ ముక్కుకీ చాలు. పెదవులకి వాడే లిప్‌స్టిక్కే కాస్త బుగ్గలకీ అద్దితే విడిగా బ్లష్ కొననక్కర్లేదు.

ఇక కాటుక. కొన్ని కాటుకల్లో, సుర్మాల్లో సీసం ఉంటుంది, అది ఒంటికి చేటు. పేరూ వివరాలూ లేని డబ్బా ఎంత చవకైనా వద్దు. అన్నట్టు, బొట్టుబిళ్ల కింద దురద పుట్టినా, చర్మం తెల్లబడుతున్నా వెంటనే మానేసి చర్మ వైద్యుల్ని కలవండి. బిళ్ల వెనకుండే జిగురే కారణం కావచ్చు.

రాత్రి పడుకునే ముందు ఇదంతా కడిగేయాలి. కాటుకతో సహా.