గాజు కొలత తెలిసినవాళ్లు

పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ అభినందనలు.

మన మొఘల్‌పురా నుంచి చార్మినార్‌కి నడిచి వెళ్లొచ్చు. దాని పక్కనే లాడ్ బజార్. అక్కడ గాజు సైజు అడిగితే ‘రెండు నాలుగు’, ‘రెండు ఆరు’, ‘రెండు పది’ అంటారు. చీటీ మీద 2.4, 2.6, 2.10 అని రాస్తారు. ఆ చుక్క దశాంశ బిందువు కాదు. రెండు నాలుగు అంటే రెండు అంగుళాలు, ఆపైన అంగుళంలో పదహారో వంతులు నాలుగు. అంటే లోపలి వ్యాసం రెండుంపావు అంగుళాలు. ఈ సంగతి తెలియని ప్రోగ్రామర్ సైజు గడిలో మామూలు సంఖ్య పెడితే 2.10 కాస్తా 2.1 అయిపోతుంది, 2.2 కంటే ముందుకొచ్చి కూర్చుంటుంది. పెద్ద చేతికి తీసే గాజు కంప్యూటర్లో చిన్నపిల్ల గాజవుతుంది. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగదు, ఎర్ర అక్షరాల్లో ఏ హెచ్చరికా రాదు. పెళ్లిళ్ల సీజన్‌లో సరుకు తప్పు వెళ్లినప్పుడు మాత్రం తెలుస్తుంది.

ఒక కొట్టు కోసం, ఒక కార్ఖానా కోసం విడిగా సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి అసలు చదువు ఇక్కడుంది. ఆ పని చేసేవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిన చదువు అది. మీలో చాలామందికి ఆ చుక్క సంగతి చిన్నప్పటి నుంచే తెలుసు. ఆ తెలివిని ఇంట్లో వదిలేసి ఉద్యోగానికి వెళ్లొద్దని అడగడానికే వచ్చాను.

మన దేశంలో ఈ రకం పనికి గొప్ప ఉదాహరణ రైల్వే కంప్యూటర్ రిజర్వేషన్. 1985లో సీఎంసీ సంస్థ ఢిల్లీలో దాన్ని మొదలుపెట్టింది. తర్వాత ఢిల్లీ, ముంబై, కలకత్తా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు ఒకదానితో ఒకటి కలిసేటప్పటికి 1999 వచ్చింది. ఒక పక్క బెర్తును ఇద్దరికి కూర్చోవడానికిచ్చి, ఎవరిదైనా టికెట్ రద్దయితే పడుకోవడానికి చోటిచ్చే ఆర్‌ఏసీ పద్ధతిని తలచుకోండి. బయటి దేశంలో తయారైన ఏ ప్యాకేజీలో అది దొరికేది? స్టేషన్ కౌంటర్‌లో గుమాస్తా చేతిరాత చార్టుతో నడిపే లెక్కని తెలుసుకున్నవాళ్లే దాన్ని ప్రోగ్రామ్‌గా రాయగలిగారు.

ఇంకో ఉదాహరణ మన రాష్ట్రానిదే, దాని దగ్గర కాసేపు ఆగాలి. 1998 నవంబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ‘కార్డ్’ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు వచ్చాయి. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ గారు దానికి ముఖ్య రూపకర్త. అంతకుముందు దస్తావేజుల్ని పెద్ద పెద్ద వాల్యూముల్లోకి చేత్తో నకలు రాసేవారు. ఈసీ (ఆస్తి మీది లావాదేవీలు చూపే పత్రం) కావాలంటే ఏళ్లకేళ్ల రిజిస్టర్లు తిరగేయాలి, రోజులు పట్టేది. కార్డ్ వచ్చాక నిమిషాల్లో చేతికొచ్చింది. అది చిన్న విజయం కాదు. అయితే 2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసిన వ్యాసం రెండో వైపు చూపించింది. జనం అప్పటికీ దస్తావేజు లేఖరుల ద్వారానే వెళ్లేవారు, మామూళ్లు వాళ్ల చేతుల మీదుగానే సాగేవి. చట్టంలో రాసిన పని కంప్యూటర్లోకి ఎక్కింది. ఆఫీసు బయట చెట్టు కింద బల్ల దగ్గర జరిగే పని ఎక్కలేదు. కాగితం మీది నియమానికీ వాడుకలో ఉన్న పనికీ మధ్య ఎంత దూరముందో కొలవకుండా మొదటి లైను కోడ్ రాయకండి.

మళ్లీ మన గల్లీలకొస్తాను. హైదరాబాద్ లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. లక్కని నిప్పుల మీద మెత్తబరిచి, గుండ్రంగా చుట్టి, దాని మీద ఒక్కో రాయీ చేత్తో అతికే పని అది. చాలా రాళ్లు ఇళ్లలోనే, ఆడవాళ్ల చేతుల్లోనే అతుకుతాయి. రేపు ఒక యజమాని మిమ్మల్ని పిలిచి, స్టాకు లెక్కకి ప్రోగ్రామ్ కావాలంటాడు. లక్క ఎంతొచ్చింది, జోడీలు ఎన్ని వెళ్లాయి, బాకీ ఎంత అని అడుగుతాడు. అవన్నీ చేసిపెట్టండి. కానీ రాళ్లు తీసుకెళ్లిన అమ్మ పేరు మీద కూడా ఒక ఖాతా తెరవండి. ఎన్ని జోడీలు తీసుకుంది, ఎన్ని తిరిగిచ్చింది, ఎంత కూలి అందింది అన్నవి ఆమెకి కూడా తన ఫోన్‌లో, తను చదవగలిగే భాషలో కనబడాలి. చీటీ పోతే కూలి పోయే బతుకులు అవి. యజమాని అడగలేదు కదా అని మీరు ఊరుకుంటే ఆ లెక్క ఇంకెవరూ రాయరు.

పేర్లు, చిరునామాల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. ఒకే పేరుని ఉర్దూలో ఒకలా, తెలుగులో ఒకలా, ఇంగ్లిషులో మూడు నాలుగు రకాలుగా రాస్తాం. వెతికితే అన్నీ దొరకాలి. పాతబస్తీ ఇంటి నంబర్లు గీతలతో ఉంటాయి కదా, వాటిని ఎక్సెల్‌లో కొడితే కొన్ని తేదీలుగా మారిపోతాయి. బరువులూ అంతే. తులం అంటే పాత లెక్కలో 11.66 గ్రాములు, ఇప్పటి వాడుకలో చాలాచోట్ల 10 గ్రాములు. చార్‌కమాన్ వైపు నగల కొట్టుకి బిల్లింగ్ రాసేవాళ్లు, ఏ తులమో ముందు అడిగి తెలుసుకోవాలి.

డబ్బు మాట కూడా చెప్పాలి. మామూలు పద్దులకీ జీఎస్టీకీ టాలీ చాలితే, చాలునని మొహం మీదే చెప్పండి. రెడీమేడ్‌గా దొరికేదాన్ని మళ్లీ రాసి చిన్న కొట్టువాడి దగ్గర లక్షలు తీసుకోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. రాసిన తర్వాత వదిలేయడం కూడా అంతే. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగలకి అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్ తప్పనిసరి అయింది. అలా నియమం మారిన రోజు మీ ఫోన్ మోగితే ఎత్తాలి. ఏటా దానికి ఎంత తీసుకుంటారో మొదటే కాగితం మీద పెట్టుకోండి. కొట్టువాడి డేటా కొట్టువాడిది. మీతో పని మానుకున్న నాడు కూడా దాన్ని తను తెరిచి చూసుకోగలగాలి.

చివరగా అధ్యాపకులకు ఒక విన్నపం. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుల్లో కొన్నిటినైనా లాడ్ బజార్, పత్తర్‌గట్టి కొట్లలో చేయించండి. మార్కుల కాగితం మీద గైడ్ సంతకం పక్కన, ఆ ప్రోగ్రామ్‌ని నెలరోజులు వాడిన గుమాస్తా సంతకానికీ చోటివ్వండి.